డిక్కీలో అల్లుడు

మామా అల్లుళ్ల మధ్య గొడవేమీ లేదు. ఉంటే బాగుండేది, ఎవరో ఒకరు తగ్గి రాజీ పడేవారు. ఉన్నదల్లా మొహమాటం. పెళ్లయిన కొత్తలో ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచలేదు. తరవాత తోచింది గానీ, ఇన్నాళ్లూ ఊరుకుని ఇప్పుడు మొదలెడితే ఏం బాగుంటుందని మానేశారు. ఒకే ఇంట్లో, ఒకే బల్ల దగ్గర అన్నం తింటూ, "మీ ఆయనకి ఉప్పు కావాలేమో అడుగు" అని మామగారూ, "వద్దని చెప్పు మీ నాన్నకి" అని అల్లుడూ, మధ్యలో నలిగిపోతూ ఆ ఇల్లాలూ. తమాషా ఏమిటంటే, మామగారు ఉద్యోగం చేసినన్నాళ్లూ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చుని ఊరందరికీ మాటలు కలిపిన మనిషి.

ఇప్పుడు ఆ ఇల్లాలిని ఆఫీసు వాళ్లు వేరే ఊళ్లో మూడు నెలల ట్రైనింగుకి రమ్మన్నారు. అది పూర్తి చేస్తే మేనేజరు. ఎన్నేళ్లుగానో ఆమె కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్న కుర్చీ. వచ్చేదీ రానిదీ మధ్యాహ్నంలోగా చెప్పాలి.

"నేను వెళ్తే మీరిద్దరూ ఆకలేస్తోందని కూడా చెప్పుకోలేక మాడిపోతారు. రానని చెప్పేస్తాను" అంది పొద్దున్నే. అల్లుడికి మనసు చివుక్కుమంది. వెళ్లమని చెప్పాలనే ఉంది, కానీ ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

అలాంటప్పుడు మగవాళ్లు చేసే పనే అతనూ చేశాడు. కారు బాగుచెయ్యడానికి వెళ్లాడు. అది హైబ్రిడ్ కారు. దాన్ని నడిపించే పెద్ద బ్యాటరీ భేషుగ్గా ఉంది. కానీ ఆ మహానుభావుణ్ణి నిద్రలేపడానికి డిక్కీలో ఓ మూల చిన్న బ్యాటరీ ఒకటుంటుంది. అది నీరసపడింది. బటన్ నొక్కితే లైట్లు మిణుకుమని ఆరిపోతున్నాయి. డిక్కీ తాళం కూడా కరెంటుతోనే తెరుచుకుంటుంది. అంటే బ్యాటరీ మార్చాలంటే డిక్కీ తెరవాలి, డిక్కీ తెరవాలంటే బ్యాటరీ మార్చాలి. ఎవరికి పుట్టిన బుద్ధో గానీ, వాడి కడుపు చల్లగా ఉండ.

అల్లుడు వెనక సీటు వీపుని ముందుకి మడిచి, ఆ సందులోంచి పాక్కుంటూ డిక్కీలో దూరాడు. తలకి టార్చి, చేతిలో స్పానరు. కొత్త బ్యాటరీ బయట స్టూలు మీద ఉంది. అందించాల్సిన భార్య పాలు తెస్తానని వీధి చివరి కొట్టుకి వెళ్లింది.

అప్పుడు మామగారు వచ్చారు. తెరిచి ఉన్నదేదైనా మూసెయ్యకపోతే ఆయనకి ఒళ్లు కంపరమెత్తుతుంది. కుళాయి, బీరువా, డబ్బా మూత, పరాయివాళ్ల గొడుగు, ఏదైనా సరే. సీటు పడి ఉండడం చూసి, దాన్ని లేపి గట్టిగా నెట్టారు. టక్కుమని బిగుసుకుంది. కారు తలుపు కూడా వేసి, తృప్తిగా నాలుగడుగులు వెనక్కి వేశారు.

'మామయ్యా' అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. అల్లుడు నోరు తెరిచాడు కూడా. ఇన్నేళ్లకి మొదటి పలకరింపు డిక్కీలోంచా అనిపించి మూసేశాడు. భార్యకి ఫోన్ చేశాడు.

"డిక్కీలో ఇరుక్కున్నాను. సీటు మడవమని మీ నాన్నకి చెప్పు."

"ఆయనెక్కడున్నారు?"

"ఇక్కడే, కారు పక్కన."

"ఇంక నా వల్ల కాదండీ" అంది. "ఆఫీసుకి రానని చెప్పేసి ఇంటికొస్తాను. వచ్చాక నేనే తీస్తాను."

ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మామగారికి చేద్దామంటే ఆయన నంబరు అల్లుడి దగ్గర లేదు. ఇంతకాలం దాంతో పనేముంది? అతనికి కంగారు పుట్టి డిక్కీ మూతని కాలితో తన్నాడు.

మామగారు కారు చుట్టూ ఓసారి తిరిగారు. "ఏమ్మా కారూ, ఏమిటా చప్పుడు?" అన్నారు. కారు దగ్గర మొహమాటమేముంది?

అల్లుడు ఆలోచించి, కారు తరఫున జవాబిచ్చాడు. "వెనక సీటు పైన పట్టీ ఉంది. లాగండి."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"మీ అల్లుడున్నాడు. మీరు సీటు మూసేశారని బాధపడుతున్నాడు."

"తెరిచి పారేసేవాడికి బాధపడే హక్కు లేదని చెప్పు."

చెప్పానంది కారు. మామగారు కారు తలుపు తీసి పట్టీ లాగారు. సీటు పడింది. ఆ సందులోంచి కొత్త బ్యాటరీ లోపలికి వెళ్లింది, పాతది బయటికొచ్చింది. ఒకరి చేతులు ఒకరికి తగిలాయి గానీ ముఖాలు కనిపించలేదు.

"ముందు ప్లస్సు బిగించమను" అన్నారు మామగారు.

"తెలుసంటున్నాడు" అంది కారు. తెలిసిన ఆ అల్లుడు ముందు మైనస్సు బిగించి, తరవాత ప్లస్సు బిగిస్తుంటే స్పానరు పక్కనున్న రేకుకి తగిలింది. చిటుక్కుమని నిప్పురవ్వ లేచింది.

"చెయ్యి కాలిందేమయ్యా?" మామగారు సందులోకి వంగిపోయారు.

"లేదు మామయ్యా."

"ముందు ప్లస్సని చెప్పానా లేదా?"

"మీరు కారుకి చెప్పారు, నాకు కాదు."

"నీకు చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. బాత్రూంలో లైటు ఆర్పవు."

"వేసేది మీరు, రోజూ ఆర్పేది నేను."

"నా కళ్లజోడు మీద కూర్చున్నదెవరు?"

"దాన్ని కుర్చీలో పెట్టిందెవరు?"

ఏళ్ల తరబడి పేరుకున్నదంతా కట్ట తెగినట్టు వచ్చి పడింది. ఇద్దరికీ హాయిగా ఉంది. పాల ప్యాకెట్లతో వచ్చిన ఇల్లాలు గేటు దగ్గరే నిలబడిపోయింది. ఆఫీసు ఫోను ఇందాకట్నించీ ఎంగేజే. ఆమె ఊపిరి కూడా గట్టిగా పీల్చలేదు.

"ఇప్పుడు డిక్కీ బటన్ నొక్కి చూడండి" అన్నాడు అల్లుడు. మామగారు వెనక్కి వెళ్లి నొక్కారు. లైట్లు ధగధగా వెలిగి, మూత నెమ్మదిగా పైకి లేచింది.

అల్లుడు లేచి కిందికి దిగాడు. ఎదురుగా మామగారు. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పాత మొహమాటం మళ్లీ వచ్చి మధ్యలో నిలబడింది. మామగారు గొంతు సవరించుకుని, కూతురి వైపు తిరిగారు.

"మీ ఆయన్ని ముఖం కడుక్కోమని చెప్పమ్మా."

ఆమె తల దించుకుంది. ఈసారి ఫోను కలిసింది. "సార్, ట్రైనింగు విషయం..." అంటూ ఆగింది.

అల్లుడు ఆమె వైపు చూశాడు. మరు నిమిషం డిక్కీ ఎక్కి, మోకాళ్లు ముడుచుకుని పడుకుని, మూత లాగేసుకున్నాడు.

"మామయ్యా" అని లోపల్నించి వినిపించింది. "రాత్రికి ఏం వండుకుందాం?"

మామగారు పరుగున వెళ్లి మూత మీదికి వంగారు. "నీకు వంటొచ్చా?"

"రాదు. మీకు?"

"రాదయ్యా. నేర్చుకుందాం."

"వస్తున్నాను సార్" అంది ఆమె ఫోనులో.