ఈశాన్యం వైపు పత్తికుప్ప

పీరు బ్యాటు ఊపితే బంతి చిలకలూరిపేట మిల్లు గోడ దాటి హైవే మీద పడేది. లారీవాళ్లు తిట్టేవాళ్లు. మాకు మాత్రం పండగ. యజమాని ఎక్కడో బేస్‌బాల్ చూసొచ్చి, సరదాపడి మిల్లుకో టీము పెట్టాడు. కనిగిరిలో రాళ్లు కొట్టుకునే పీరును ఆ చేతుల కోసమే తెచ్చుకున్నాడు. మూడేళ్లలో పీరు పేరు గుంటూరు దాకా పాకింది. ఉద్యోగం మాత్రం టెంపరరీయే. 1986 జనవరిలో గుంటూరు టీము మీద గెలిపిస్తే పర్మనెంటు చేస్తానని యజమాని మాటిచ్చాడు.

నేను మిల్లు గుమాస్తాని. ఇంగ్లీషు రూలుబుక్కు చదవగలిగింది నేనొక్కణ్ణే కాబట్టి అంపైరునీ నేనే. బ్యాటు పట్టినవాడు తూర్పు ఈశాన్యానికి తిరిగి ఉంటే మంచిదని అందులో రాసి ఉంది. మాది పౌరోహిత్యం చేసే ఇల్లు. అమెరికావాళ్లకీ వాస్తు తెలుసని పొంగిపోయి, కొబ్బరికాయ కొట్టి మరీ గీతలు గీయించాను.

పత్తి సీజను వచ్చింది. దిగిన పత్తినంతా సరిగ్గా ఆ వైపే, బంతి విసిరేవాడి వెనకే పోశారు. సోమవారం కుప్ప నడుమెత్తు, గురువారానికి మనిషెత్తు. శనివారం ప్రాక్టీసులో పీరు వరసగా నాలుగు బంతులు తప్పాడు. అలా ఎన్నడూ తప్పలేదు.

"మూర్తిగారూ, బంతీ తెలుపే, వెనక పత్తీ తెలుపే. చెయ్యి వదిలాక కనపడట్లేదండీ. గీతలు ఇంకోవైపు తిప్పించండి, మీకు పుణ్యముంటుంది."

"ఈశాన్యం తప్పితే అరిష్టం పీరూ. పుస్తకంలోనూ తప్పదని ఉంది," అన్నాను. పుస్తకంలో ఉన్నది 'మంచిది' అనే. నా మొండితనం అలాంటిది. "భయమైతే రేపటి మ్యాచి ఆడకు."

"ఆడకపోతే పర్మనెంటు ఎవరు చేస్తారండీ?" అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఆదివారానికి కుప్ప షెడ్డు చూరు తాకింది. సాయంత్రపు ఎండ పడి కళ్లు చెదురుతున్నాయి. ఆఖరి వంతులో పీరు వచ్చాడు. గుంటూరు టీమువాడు బంతి విసిరాడు. పీరు వెనక నిలబడ్డ నాకు వాడి చెయ్యి కనపడింది, బంతి కనపడలేదు. ఆపమని అరుద్దామనుకున్నాను. అరవలేదు.

పీరు ఇంకా బంతి కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఎముక విరిగిన చప్పుడు వినపడింది.

బంతి తగిలినవాడికి మొదటి బేసు, అంటే పరుగులో మొదటి మజిలీ, ఊరికే ఇవ్వాలని రూలు. అలవాటుకొద్దీ నా చెయ్యి లేచి అటు చూపించింది.

పీరు కూలబడ్డాడు. ఎడమ కన్ను మూసుకున్న వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది.

"మూర్తిగారూ, బంతేదండీ?" అని అడిగాడు.

ఆ కన్ను మళ్లీ తెరుచుకోలేదు. పోగొట్టింది నేనే.