ఎదురుగా వేసిన కుర్చీ

విద్యార్థి సంఘం ఆఫీసు తలుపు ఒక పట్టాన తెరుచుకోదు. భుజంతో కొంచెం లోపలికి నెట్టి, తాళంచెవిని పైకెత్తి పట్టుకుని తిప్పాలి. ఈ కిటుకు పట్టుబడక అధ్యక్షుడు ఏడాది పొడుగునా ఆ తలుపుతో కుస్తీ పడుతూనే ఉన్నాడు. సంక్షేమ కార్యదర్శి మాత్రం ఒక చేతిలో టీ గ్లాసు తొణక్కుండా, రెండో చేత్తో తెరిచేసి లోపలికి నడిచింది. పదవిలో ఆమెకి అదే ఆఖరి రోజు. సాయంత్రం కొత్తవాళ్ళు వచ్చి తాళంచెవి తీసుకుంటారు. అయినా రోజూలాగే కిటికీ తీసింది, బల్ల తుడిచింది, గోడకి ఆనించి ఉన్న ఇనప మడత కుర్చీని తెరిచి, ఊగుతోందేమోనని ఒకసారి కూర్చుని చూసింది. ఊగలేదు. పొట్టిగా ఉన్న కాలి కింద పాత చెప్పు రబ్బరు కోసి అంటించింది ఆమే మరి.

ఆ కుర్చీ వల్లే యూనివర్సిటీలో ఆమెకి 'కుర్చీ అక్క' అని పేరు పడిపోయింది. అసలు పేరు ఆఫీసు బయట బోర్డు మీద ఉంది కానీ, పైన వాన కారి సగం చెరిగింది. ఎవరూ పట్టించుకోలేదు, ఆమె అంతకన్నా పట్టించుకోలేదు. సంఘం ఫోటోలో కూడా ఆమె మోచెయ్యి ఒక్కటే పడింది. గొప్ప ఎన్నికలో గెలిచిందా అంటే అదీ లేదు, ఆ పదవికి ఇంకెవరూ నిలబడలేదు. హాస్టల్లో వేడినీళ్ళు రాకపోయినా, జ్వరమొచ్చినవాళ్ళని ఆస్పత్రికి తీసుకెళ్ళాలన్నా, అధ్యక్షుడి మైకు మధ్యలో మూగబోయినా పిలుపు ఈమెకే. ఇలాంటి పదవికి ఎగబడేదెవరు చెప్పండి!

ఆమెకి కావలసింది మాత్రం ఆ పదవిలో ఉన్న ఒకే ఒక్క వెసులుబాటు. క్రమశిక్షణ కమిటీ ముందుకి ఏ విద్యార్థిని పిలిచినా, సంఘం తరఫున ఒకరు వెళ్ళి పక్కన కూర్చోవచ్చు. మాట్లాడకూడదు. నోరు విప్పితే బయటికి పంపేస్తారు. ఊరికే కూర్చోవాలి, అంతే. తమాషా ఏమిటంటే, కూర్చోవచ్చని రాసిన పెద్దలు కుర్చీ వెయ్యడం మరిచిపోయారు. ఆ గదిలో పొడుగాటి బల్లకి అటువైపు కమిటీవాళ్ళ మెత్తటి కుర్చీలు, ఇటువైపు విద్యార్థికి ఒక్క చెక్క కుర్చీ.

యూనివర్సిటీలో చేరిన మొదటి ఏడాదిలో ఆ చెక్క కుర్చీలో తనే కూర్చుంది. స్నేహితురాలి బదులు హాజరు పలికి దొరికిపోయింది. వణుకుతూ కూర్చుంటే అప్పటి కార్యదర్శి, ముక్కూ మొహం తెలియని ఒక బక్కపలచటి అన్న, వచ్చి పక్కన నిలబడ్డాడు. కాలికి కట్టు. ఆ కాలు నొప్పెడితే ఈ కాలి మీదికీ, ఈ కాలు లాగితే ఆ కాలి మీదికీ మారుతూ చివరిదాకా నిలబడే ఉన్నాడు. బయటికొచ్చాక "అబ్బ, కాళ్ళు లాగేశాయమ్మా. పద, టీ తాగుదాం" అన్నాడు, అంతే. కమిటీ ఏం తిట్టిందో ఆమెకి ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు. పక్కనున్న ఆ కట్టు కాలు మాత్రం కళ్ళకి కట్టినట్టుంది. తను పదవిలోకి వచ్చిన మర్నాడే పాత సామాన్ల కొట్టు నుంచి ఈ మడత కుర్చీ మోసుకొచ్చింది.

"అక్కా..."

గుమ్మంలో రెండో ఏడాది కుర్రాడు, పక్కన వాళ్ళ అమ్మమ్మ. ముసలావిడ మనవడి చొక్కా కొస గట్టిగా పట్టుకుని ఉంది. కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. పరీక్ష హాల్లో మేజోడులో సెల్‌ఫోన్‌తో దొరికాడు. రూలు ప్రకారం ఏడాది పోతుంది. ఇవాళే విచారణ.

"ఈవిడ్ని తెచ్చావేం?" అంది అక్క, ముసలావిడకి బెంచీ చూపిస్తూ.

వాడు నేల చూపులు చూస్తూ, నసుగుతూ, మొత్తం చెప్పాడు. వాడికి అమ్మమ్మ తప్ప ఎవరూ లేరు. అద్దె గదిలో ఇద్దరే ఉంటారు. ఆవిడకి ఈమధ్య మతిమరుపు బాగా ముదిరింది. దారి తప్పి ఎటో వెళ్ళిపోతుంది. పరీక్ష రోజున చూసుకునేవాళ్ళు దొరక్క, ఆవిడని గదిలో ఉంచి బయట తాళం వేసి వచ్చాడు. ఏమైనా అయితే ఒక్క పిలుపు ఇమ్మని కింది వాటా ఆవిడకి చెప్పి, ఫోను దగ్గర పెట్టుకున్నాడు.

"నన్ను పెంచిన మనిషినక్కా... తాళం వేసి..." అని ఆగిపోయాడు. "ఇవాళ వెయ్యలేకపోయాను."

ఆమె తన టీ గ్లాసు వాడి చేతిలో పెట్టింది.

"నాకు చెప్పావు చూడు, అచ్చం అలాగే చెప్పు అక్కడ. ఒక్క ముక్క కలపకు, తియ్యకు."

సరిగ్గా అప్పుడే అధ్యక్షుడు ఊడిపడ్డాడు. మంచివాడే, కానీ నోట్లో మైకు పుట్టినప్పటి నుంచీ ఉందని అతని అమ్మే అంటుంది. "అలా చెబితే జాలి అడుక్కున్నట్టుంటుందిరా! హక్కు అడగాలి!" అని కుర్రాణ్ణి వరండాలోకి లాక్కెళ్ళి, అప్పటికప్పుడు ఒక ఉపన్యాసం బట్టీ పట్టించాడు. తాళం సంగతి నలుగురి ముందూ చెప్పక్కర్లేదనేసరికి కుర్రాడికీ ప్రాణం లేచొచ్చింది. అక్క వద్దని రెండు మూడుసార్లు చెప్పిచూసింది. వాడు వినే స్థితిలో లేడు.

"సరే నాయకా, నీ పుణ్యమా అని ఒక పని చెయ్యి. మేం వచ్చేదాకా అమ్మమ్మని కనిపెట్టుకుని ఉండు. కదలకూడదు."

"నేనా? నాకు వీడ్కోలు సభ ఏర్పాట్లు..."

"నువ్వే."

ముసలావిడ అధ్యక్షుణ్ణి ఆపాదమస్తకం చూసి, "నువ్వెవరబ్బాయివి నాయనా?" అంది.

అక్క కుర్చీ మడిచి చంకన పెట్టుకుని మెట్లెక్కింది. వెనక కుర్రాడు పెదాలు కదుపుతూ ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు.

విచారణ గదిలో ఫ్యాను కిరకిరలాడుతోంది. డీన్ మేడమ్ కళ్ళజోడు తుడుచుకుంటూ, చెక్క కుర్చీ పక్కన మడత కుర్చీ తెరుచుకున్న చప్పుడుకి తలెత్తింది. ఏడాదిగా వింటున్న చప్పుడే.

"చెప్పు బాబూ. ఫోను ఎందుకు తెచ్చావ్?"

కుర్రాడు లేచి నిలబడ్డాడు. "విద్యార్థుల గొంతు నొక్కే ఏ నిబంధన అయినా..." అని గట్టిగానే ఎత్తుకున్నాడు. కమిటీలో బట్టతల ప్రొఫెసర్ కళ్ళు పెద్దవి చేశాడు. "...ఏ నిబంధన అయినా... చరిత్రలో..." అక్కడ ఆగింది బండి. మరి కదల్లేదు.

"అడిగినదానికి చెప్పవయ్యా!" అన్నాడు బట్టతల ప్రొఫెసర్.

వాడి నోరు పిడచ కట్టుకుపోయింది. కూలబడినట్టు కూర్చున్నాడు. డీన్ మేడమ్ కాసేపు ఆగింది, మళ్ళీ అడిగింది, ఇంకాసేపు ఆగింది. "చెప్పుకునేది ఏమీ లేదంటే ఉన్న రూలు ప్రకారం రాసెయ్యడమే" అని కలం మూత తీసింది.

 అంతా తెలిసి, నోట్లో మాట ఉండీ మింగి కూర్చోవడం ఎంత నరకమో అక్కకే తెలుసు. నోరు విప్పితే బయటికి పంపేస్తారు. అప్పుడు వీడు ఒంటరి. ఏం చెయ్యాలో తోచక కుర్చీ అంచులు పట్టుకుంది. పట్టుకున్న కుర్చీతో సహా లేచింది. దాన్ని తీసుకెళ్ళి కుర్రాడికి ఎదురుగా, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వేసి, కమిటీకి వీపు పెట్టి కూర్చుంది. పొద్దున టీ గ్లాసు ఇచ్చి ఎలా చూసిందో అలాగే వాడి మొహంలోకి చూసింది.

"ఇదేం మర్యాద? మాకు వీపు చూపిస్తావా?" అన్నాడు బట్టతల ప్రొఫెసర్.

ఆమె పలకలేదు. తిరగలేదు కూడా. వీపంతా చెమట పట్టింది.

డీన్ మేడమ్ ముందున్న నిబంధనల కాగితం ఎత్తి చదువుకుంది. "మాట్లాడకూడదని ఉంది సార్. ఎటు తిరిగి కూర్చోవాలో ఇందులో లేదు" అంది మెల్లిగా.

కుర్రాడికి ఇప్పుడు బల్ల కనిపించడంలేదు, కమిటీ కనిపించడంలేదు. ఎదురుగా అక్క మొహం ఒక్కటే ఉంది.

"అమ్మమ్మని గదిలో పెట్టి తాళం వేసి వచ్చానక్కా" అన్నాడు.

తరవాత అంతా వచ్చేసింది. దారి తప్పిపోవడం, కింది వాటా ఆవిడ, మేజోడులో ఫోను, రాస్తున్నంతసేపూ కాలి దగ్గర అది కదిలిందేమోనన్న భయం. అక్కకే చెప్పాడు. గదిలో అందరూ విన్నారు. వాడు ఏడవలేదు కానీ, ఆమె కళ్ళు తుడుచుకోవలసి వచ్చింది. కమిటీకి వీపే కనబడింది కాబట్టి సరిపోయింది.

 బట్టతల ప్రొఫెసర్ గొంతు సవరించుకుని, "మా అమ్మకీ ఇలాగే ఉండేది" అన్నాడు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

"ఇప్పుడావిడ ఎక్కడుంది? మళ్ళీ తాళం వేశావా?" అడిగింది డీన్ మేడమ్.

"లేదు మేడమ్. కింద, సంఘం ఆఫీసులో. అధ్యక్షుడు గారు చూస్తున్నారు."

"అతనా!" అంది మేడమ్, నవ్వు ఆపుకోలేక. తరవాత పక్కవాళ్ళతో గుసగుసగా మాట్లాడి రాసింది. ఆ ఒక్క పేపరు మళ్ళీ రాయాలి. ఏడాది పోదు. "ఇలాంటిది ఉంటే ముందే వచ్చి చెప్పాలి బాబూ. ఫోను హాలు బయట మా మనిషి దగ్గర ఉంచేవాళ్ళం కదా!"

కుర్రాడు దండం పెట్టబోయి, ఎటు పెట్టాలో తెలియక ముందు అక్కకి పెట్టాడు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని లాక్కుంటూ మెట్లు దిగింది. ఆ సంతోషంలో కుర్చీ సంగతే మరిచిపోయింది.

కింద అధ్యక్షుడు బెంచీ పక్కన నిలబడి, చేతులు తిప్పుతూ వీడ్కోలు ఉపన్యాసం మొదటి నుంచీ చెబుతున్నాడు. ముసలావిడ ముచ్చటగా వింటోంది. "ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా వింటోందే! జన్మలో ఇలాంటి సభ దొరకలేదు నాకు" అన్నాడు గొంతు బొంగురుపోయి. కుర్రాడు అమ్మమ్మ పాదాల దగ్గర కూలబడి ఒళ్ళో తల పెట్టాడు. ఎందుకో ఆవిడకి తెలియదు. చెయ్యి మాత్రం తనంతట తనే వాడి జుట్టులోకి వెళ్ళింది.

తరవాత ఆవిడ తలెత్తి అక్కని చూసింది. పక్కకి జరిగి బెంచీ మీద చోటు చేసింది. "నిలబడే ఉన్నావేమే తల్లీ? ఎంతసేపని నిలబడతావు, కూర్చో" అంది.

ఏడాదిలో ఆమెని కూర్చోమన్న మొదటి మనిషి ఆవిడే. ఆమె కూర్చుంది. ఆ ముసలి భుజం తన భుజానికి తగిలితే, ఎప్పుడో కట్టు కాలితో నిలబడ్డ అన్నకి ఇన్నాళ్ళకి మనసారా థాంక్స్ చెప్పుకున్నట్టనిపించింది.

సాయంత్రం వీడ్కోలు సభలో ఆమె పేరు ఎవరూ చదవలేదు. పనుల్లో మరిచిపోయారు. కొత్త కార్యదర్శి, కళ్ళజోడు పిల్ల, వచ్చి తాళంచెవి తీసుకుంది. "భుజంతో నెట్టు, పైకెత్తి తిప్పు" అని అక్క చూపించింది. పిల్ల రెండోసారికే తెరిచేసింది.

"అక్కా, నీ కుర్చీ ఏదీ?"

అప్పుడు గుర్తొచ్చి గబగబా మెట్లెక్కింది. విచారణ గదికి తాళం వెయ్యబోతూ అటెండరు ఆగాడు.

"కుర్చీ కోసమా తల్లీ? మేడమ్ దాన్ని ఇక్కడే ఉంచమన్నారు. నేను గోడకి చేర్చబోతే ఒప్పుకోలేదు, అక్కడే అలాగే ఉండాలన్నారు. కావాలంటే తీసుకెళ్ళమ్మా, నీదేగా."

ఆమె గుమ్మంలోంచి చూసింది. చాలాసేపు చూసింది.

"ఉండనివ్వండి బాబాయ్. నా పనైపోయింది" అని నవ్వి, వెనుదిరిగింది. ఖాళీ చేతుల్ని ఏం చేసుకోవాలో తెలియక ఊపుకుంటూ మెట్లు దిగి, గేటు దాటి వెళ్ళిపోయింది.

గదిలో ఆ ఇనప మడత కుర్చీ, కాలి కింద చెప్పు రబ్బరుతో, కమిటీకి వీపు పెట్టి, రేపు వచ్చి కూర్చోబోయేవాళ్ళకి ఎదురుగా ఉంది.