బెనీన్ మెనుయే ఆడిన రోజు

ఫ్రాన్సులోని దిజోన్‌లో బెనీన్ ఫిడేలు మోగని పెళ్ళి పెళ్ళే కాదు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి కాళ్ళనూ ఆడించిన ఆ మహానుభావుడు తన కాళ్ళను మాత్రం ఏనాడూ కదిపి ఎరగడు. వాయించేవాడికి ఆడే తీరిక ఎక్కడిది?

ఇప్పుడు పెళ్ళి సొంత కూతురిదే. ఆవాలు నూరి అమ్ముకునే ఇంటి కుర్రవాడితో ఓడెట్ చర్చిలో ఉంగరం తొడిగించుకుని వచ్చింది. మెనుయే అనే జంట నాట్యంలో తొలి ఆట పెళ్ళికూతురు తండ్రితో ఆడాలి. అది ఆ ఊరి ఆనవాయితీ.

"నేను వాయిస్తానే తల్లీ. మీ మావయ్యతో ఆడు."

"అమ్మ బతికున్నన్నాళ్ళూ ఒక్కసారి ఆడమని అడిగింది. రేపు రేపన్నావు. ఇవాళ నాతోనూ అంతేనా నాన్నా?"

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు చూసి బెనీన్ ఫిడేలును శిష్యుడు లాజార్ చేతిలో పెట్టి గది నడుమకు వచ్చాడు.

మూడు దెబ్బలకు ఒక ఆవర్తనం. ప్రతి ఆవర్తనం మొదట్లోనూ మేళంలోని అన్ని కమానులూ ఒక్కసారిగా కిందికి దిగాలి. తప్పితే బెనీన్ బెత్తం వీపు మీద దిగేది. చిక్కంతా అక్కడే వచ్చింది. కమాను దిగినప్పుడల్లా అతని కాలూ దిగిపోతోంది. ఆడేవాళ్ళకేమో ఒక్క అడుగు వరస పూర్తి కావడానికి రెండు ఆవర్తనాలు కావాలి. కూతురు సగంలో ఉండగానే తండ్రి ముగించి, ఆమె పావడా అంచు తొక్కాడు.

"ఒరేయ్ లాజారూ, ఏం కొంపలంటుకుపోయాయిరా? నిదానంగా వాయించి చావు!"

"ఆడలేక మద్దెల ఓడంటే ఎట్లా గురువుగారూ?"

గదంతా గొల్లున నవ్వింది. బెనీన్ మొహం జేవురించింది. "చాలమ్మా, నావల్ల కాదు," అని చెయ్యి వదిలి వెనుదిరిగాడు. ఓడెట్ నడిమధ్యలో ఒంటరిగా నిలబడిపోయింది.

నోరు జారినందుకు లాజార్ నాలుక కరుచుకున్నాడు. పక్కన వాయిస్తున్న ముగ్గురికీ కళ్ళతోనే ఏదో చెప్పాడు. నాలుగు కమానులూ కిందికి దిగాయి. తర్వాతి ఆవర్తనం వచ్చినా తిరిగి దిగలేదు. ఆ ఒక్క లాగుడే రెండు ఆవర్తనాల పొడవునా సాగింది. ఓడెట్ దానికి తగ్గట్టు మళ్ళీ అడుగు వేసింది.

బెనీన్ గిర్రున తిరిగాడు. తన మేళంలో ఇంత తప్పా? తిట్టడానికి నోరు తెరిచాడు. కానీ కమాను వెంట పోవడం మరిగిన కాలు అడక్కుండానే సాగి, కూతురి కాలితో సరిగ్గా కలిసి నేలను తాకింది.

"నాన్నా, వచ్చేసింది!"

తిట్టు గొంతులోనే కరిగిపోయింది. బెనీన్ కూతురి చెయ్యి అందుకున్నాడు. ఆ తప్పు వాయింపుకే గది ఈ చివర నుంచి ఆ చివరకు ఆడాడు.

పాట ఆగింది. తన వంతు వచ్చిందని పెళ్ళికొడుకు నవ్వుతూ చెయ్యి చాచాడు.

"ఆగు నాయనా," అన్నాడు బెనీన్ రొప్పుతూ. "నీకు జీవితమంతా ఉంది. నాకు ఇప్పుడే కాళ్ళొచ్చాయి."