ఎడమచేతి చీటీలు

పదో తరగతికి ఆ పాఠం చెప్పాల్సిన రోజున సైన్సు టీచరమ్మకు పొద్దుటినుంచీ కాలూ చెయ్యీ ఆడలేదు. హెచ్‌ఐవీ పాఠం. పుస్తకంలో నాలుగంటే నాలుగు పేజీలు. పాతికేళ్ళ ఉద్యోగంలో ఆమె నీళ్ళు నమిలింది ఈ నాలుగు పేజీల దగ్గరే. పెద్దసారు సంగతి చెప్పనే అక్కర్లేదు. గొడవ లేకుండా కానిచ్చేయండమ్మా అని చెప్పి, ఆ రోజు ఆ గది వైపుకే రాడు.

నోరు తెరిచి అడగలేని పిల్లల కోసం బల్ల మీద ఒక అట్టపెట్టె ఉంటుంది. పేరు రాయకుండా చీటీ వేయాలి, టీచరు తీసి జవాబు చెప్పాలి. పద్ధతి మంచిదే. కానీ ఏడాది పొడుగునా నోట్సులు దిద్దే మనిషికి పేరెందుకు? చేతిరాత చూస్తే మొహం చూసినట్టే.

ఎనిమిదేళ్ళ కిందట ఆ పెట్టెలోంచి ఒక చీటీ వచ్చింది. "మనిషి మంచివాడైనా వస్తుందా టీచర్?" అక్షరాలన్నీ ఎడమవైపుకి వాలిపోయి ఉన్నాయి. తరగతి మొత్తంలో ఎడమచేత్తో రాసేది ఒక్కతే, కిటికీ పక్కన కూర్చునే పిల్ల. బడంతా దాన్ని ముద్దుగా పుర్రచెయ్యి అనేది. టీచరమ్మ గుండెల్లో రాయి పడింది. జవాబు చెప్పాల్సింది పోయి, చీటీ మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, సాయంత్రం ఆ పిల్ల తల్లికి చూపించింది. చేయి దాటకముందే చెప్పాను కదా అనుకుని ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది కూడా. ఆ నిద్ర తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

మర్నాటినుంచి ఆ పిల్ల బడికి రాలేదు. ఆరేళ్ళ తర్వాత ఆస్పత్రి వరండాలో తల్లి కనిపించింది. పిల్ల లోపల ఉంది, అప్పటికే ఆఖరి రోజులు. ముందే పరీక్ష చేయించుకుని మాత్రలు మొదలుపెట్టి ఉంటే అందరిలాగే బతికేదని నర్సు అన్నదట. తల్లి తిట్టలేదు, ఏడవనూ లేదు.

"ఆ చీటీ నాకు చూపించకుండా ఉండాల్సింది టీచర్‌గారూ. ఆ రోజు బాగా కొట్టాను. ఆ తర్వాత అది ఎవర్నీ ఏదీ అడగలేదు," అన్నది.

అప్పటినుంచి పెట్టె తెరిచినప్పుడల్లా ఆ వాలు అక్షరాలు కనిపిస్తాయేమోనని టీచరమ్మకు భయం. ఎండ పడుతుందని సాకు చెప్పి కిటికీ పక్కన ఎవర్నీ కూర్చోనివ్వదు. తను మాత్రం పొరపాటున కూడా అటు చూడదు. పెట్టెలో పడేవేమో దోమ కుడితే వస్తుందా లాంటి ప్రశ్నలే. పిల్లలేం తెలివితక్కువవాళ్ళు కారు. టీచరమ్మ చీటీలు ఇళ్ళకు మోస్తుందన్న కబురు అక్కల నుంచి చెల్లెళ్ళకు అందుతూనే ఉంది.

ఈ ఏడు ఆమె ఒక ఉపాయం చేసింది. ఒకే రకం కాగితాలు పంచి, అందరినీ ఎడమచేత్తో రాయమంది.

"ఎవరు రాశారో నాకే తెలియకూడదు. తెలిస్తే నా నోరు నా మాట వినదు," అని ఉన్నమాట చెప్పేసింది.

పిల్లలు పకపకా నవ్వారు. తర్వాత తలలు వంచి, ఈసారి చాలాసేపు రాశారు.

పెట్టె తెరిచి చీటీలు బల్ల మీద పరిచింది. ముప్ఫై ఒకటి. అన్నిటిలోనూ అక్షరాలు ఎడమవైపుకి వాలి ఉన్నాయి.

ఇలా అవుతుందని ఆమెకు తట్టనే లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. ప్రతి చీటీలోనూ ఆ పిల్లే అడుగుతోంది. ఒక్కసారికే వస్తుందా. పరీక్షకు వెళ్తే ఇంట్లో చెప్పేస్తారా. అడుగున ఉన్నదాంట్లో, మంచివాడైనా వస్తుందా.

గదిలోంచి పారిపోవాలనిపించింది. పారిపోలేదు. లేచి నిలబడి, రెండేళ్ళ తర్వాత మొదటిసారి కిటికీ వైపు చూసింది.

"వస్తుందమ్మా. మంచితనం చూసి ఆగే జబ్బు కాదది. ఎంత మంచివాళ్ళయినా కండోమ్ వాడాలి, పరీక్ష చేయించుకోవాలి. వచ్చినా మందులున్నాయి, వేళకు వేసుకుంటే బతుకుతావు. అడిగినందుకు నిన్నెవరూ కొట్టకూడదు."

ఎవరితో అంటోందోనని పిల్లలందరూ తలలు తిప్పి చూశారు. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉంది. టీచరమ్మ రెండో చీటీ తీసింది.