అరువు టీవీ

తమ్మిలేరు గట్టు మీద గుడిసెలు అరవై రెండు. గట్టు వెడల్పు చేయడానికి వాటిని తీసేస్తారని, ఊరి చివర కట్టే అపార్టుమెంట్లలో ఇళ్ళిస్తారని అందరికీ తెలుసు. ఇళ్ళు మాత్రం నలభై. ఎవరికి ఎక్కువ అవసరమో తేల్చడానికి మార్కులు పెట్టారు. ఇంట్లో సామాను తక్కువైతే మార్కులెక్కువ. ఈ ముక్క మార్తమ్మకి ఎవరూ చెప్పలేదు.

చెప్పినా వినేది కాదేమో. అరవై దాటిన ఒంటి మనిషి, కొల్లేరు చేపల్ని ఐసులో సర్దే కూలి, కానీ మర్యాదకి జమీందారిణి. గట్టు మీద పద్ధతే అంత. పాస్టరుగారు ప్రార్థనకొస్తే చాలు, వీధిలో ఉన్న కుర్చీలన్నీ ఆ ఇంటికి నడిచొస్తాయి. అలాంటిది ఆఫీసరమ్మ సర్వేకొస్తుంటే బోసి ఇల్లు చూపిస్తుందా? మూడు కుర్చీలు అరువు తెచ్చింది. పక్కింటి సుగుణ తన టీవీ స్వయంగా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. వార్డు సెక్రటరీ కెజియా వచ్చింది, కూల్‌డ్రింకు తాగింది, ఫోటోలు తీసుకుని సుగుణ ఇంటికి వెళ్ళింది. అక్కడ చాప తప్ప ఏమీ లేదు.

వార్డు సచివాలయం గోడకి లిస్టు అంటించారు. నలభయ్యో పేరు, చిట్టచివరిది, సుగుణది. మార్తమ్మ పేరే లేదు. అభ్యంతరాలుంటే ఆ రోజు ఐదింటిలోగా చెప్పుకోవాలి. టీవీ, కుర్చీలు ఉన్నందుకు మార్కులు తగ్గాయని మార్తమ్మకి అక్కడే తెలిసింది. సుగుణే ఆమె చెయ్యి పట్టుకుని ఆఫీసులోకి నడిపించింది. అప్పటికి ఐదుకి పావుగంటే ఉంది.

"అవి నావి కావండీ మేడమ్‌గారూ. మీరొస్తున్నారని మర్యాదకి తెచ్చానండి."

"నాకర్థమైందండీ" అంది కెజియా. ఆ అమ్మాయికీ బాధగానే ఉంది. "కుర్చీలు తీసేస్తాను. టీవీ మాత్రం ఎవరిదో రాసి, వాళ్ళ సంతకం పెట్టించాలండి. మీ మార్కులు పెరుగుతాయి. వాళ్ళవి తగ్గుతాయి."

టీవీ ఎవరిదో చెబితే పోయేది సుగుణ ఇల్లేనని మార్తమ్మకి అర్థమైంది. అరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు. సుగుణకి ఇద్దరు పిల్లలు. మొగుడు ఉండి అనే ఊరి దగ్గర చేపల చెరువుల కాపలాకి పోతే నెలకోసారి ముఖం చూపిస్తాడు. తనకి మాత్రం ఎవరున్నారు? గట్టు దిగితే తల దాచుకునే చోటేది? మార్తమ్మ తల తిప్పి చూసింది. సుగుణ కొంగు అంచు పళ్ళ మధ్య బిగించి నేలకేసి చూస్తోంది. అది నోరు విప్పితే బాగుండునని మార్తమ్మకి ఆశ, విప్పేస్తుందేమోనని భయం.

"పది నిమిషాలే ఉందండీ. ఐదైతే కంప్యూటరు తీసుకోదు. ఎవరిదండీ?"

సుగుణ తలెత్తలేదు. మార్తమ్మకి ఒళ్ళు మండింది. నోరు మెదపని ఆ పిల్ల మీద, గొప్పకి పోయిన తన మీద కూడా.

"నాదేనండి" అంది.

కెజియా ఫైలు మూసింది.

తిరిగొచ్చేటప్పుడు వంతెన దగ్గర సుగుణ ఆగిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఆ టీవీ మీరే ఉంచేసుకోండి అత్తా."

"ఎక్కడ పెట్టుకోనే?" అంది మార్తమ్మ.