ఎనిమిదో బద్ద

తడి కాగితం వేలికి చల్లగా తగిలింది.

ఆరలేదు.

ఇంకో చోట వేలు పెట్టి చూసింది. అక్కడా ఆరలేదు.

బయట వాన. మూడు రోజులుగా అదే వాన — గట్టిగా కురవదు, మానదు, ఊరికే సాధిస్తుంది.

ఆమెకి కాలు నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్లింది. వచ్చింది. గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. ఆరింటికి అత్తయ్య ఆసుపత్రి నుంచి వస్తుంది. రాగానే కంటి కట్టు విప్పాలి.

అత్తయ్యకి ఉన్నది ఒక్క కన్నే. రెండోది ఎప్పుడో పోయింది. ఈ ఒక్కదానికీ పొర కమ్మితే ఆపరేషన్ చేశారు. చూపు రావచ్చు అన్నాడు డాక్టరు. కాస్త ఆగి, రాకపోనూ వచ్చు అన్నాడు. కట్టు ఇంట్లోనే విప్పుకోండి, ట్యూబ్‌లైటు మాత్రం వెయ్యకండి, మెత్తటి వెలుతురు ఉండాలి అన్నాడు.

మెత్తటి వెలుతురు. ఆ ఇంటి పనే అది.

వెదురు ఈనెల మీద పల్చటి కాగితం అంటించి జపాను తరహా దీపాలు చేస్తారు వాళ్లు. నలభై ఏళ్లుగా అత్తయ్య చేసిన దీపాలు ఎవరెవరి పడకగదుల్లోనో వెలుగుతున్నాయి. తన గదిలో మాత్రం ట్యూబ్‌లైటు. చేసింది చేసినట్టే వెళ్లిపోతుంది మరి. మొన్న మిగిలిన రెండూ కూడా ఎవరో కొనుక్కుపోయారు.

అందుకే కోడలు పొద్దున్నే కూర్చుంది. ఈ ఇంటి కోసం ఒక దీపం. మొట్టమొదటిది.

దీపం కట్టే అచ్చు అత్తయ్యదే. నెలవంకలా వంగిన ఎనిమిది చెక్క బద్దలు. వాటిని నిలబెట్టి, పైనా కిందా బిళ్లలతో బిగిస్తే గుమ్మడికాయంత అవుతుంది. దాని చుట్టూ ఈనె చుట్టాలి. ఈనెకి జిగురు రాయాలి. కాగితం అంటించాలి. ఆరాక, పైనున్న కంతలోంచి బద్దలు ఒక్కొక్కటే లాగెయ్యాలి. చెక్క బయటికొస్తుంది, కాగితం నిలబడుతుంది. లోపల ఏమీ మిగలకూడదు — అదంతా వెలుతురు చోటు.

ఆరాక. అక్కడే వస్తుంది తంటా.

ఆమెకి ఆగడం రాదు. కాపురానికొచ్చిన నెలకే అత్తయ్య పేరు పెట్టేసింది — హడావిడి. "హడావిడీ, ఇలా రా." "హడావిడీ, దాన్ని ముట్టుకోకు." తడి మీద లాగి ఎన్ని చింపిందో లెక్కే లేదు. చింపగానే అత్తయ్య ఏమీ అనదు. బద్దలన్నీ బుట్టలో వేసుకుని, వేళ్లతో తడిమి లెక్క చూసుకుంటుంది. కన్ను బాగున్న రోజుల్లోనూ అంతే, వేళ్లతోనే. ఎనిమిదీ ఉన్నాయని తేలాక అప్పుడు తిడుతుంది. తీరిగ్గా.

నాలుగున్నర.

ఇంకా చల్లగానే ఉంది. ఫ్యాను పెడదామా... పెట్టకూడదు, కాగితం పిగిలిపోతుంది. బల్బు దగ్గరగా పెట్టింది. తీసేసింది. మళ్లీ పెట్టింది.

చూపు రాకపోతే?

ఆ ఆలోచన వచ్చిన ప్రతిసారీ లేచి ఏదో ఒకటి చేసింది. అత్తయ్య మంచం మీద దుప్పటి మార్చింది. మార్చినదాన్ని తీసి మళ్లీ పాతదే పరిచింది. మంచినీళ్లు పెట్టింది. తనే తాగేసింది.

ఐదూ నలభైకి ఫోను మోగింది. భర్త.

"బయల్దేరాం."

ఇక ఆమె వల్ల కాలేదు.

బిళ్లలు ఊడదీసి కంతలోకి చెయ్యి పెట్టింది. ఒకటి వచ్చింది. రెండు. మూడు... ఏడు.

ఎనిమిదోది రాలేదు.

తడి జిగురు పట్టేసింది దాన్ని. కాస్త లాగితే కాగితం కూడా కదిలింది. చిరగబోయి ఆగింది. ఆమె ప్రాణమూ అక్కడే ఆగింది.

వదిలేసింది. ఉండనీ. రేపు తీద్దాం.

దీపాన్ని మంచానికి ఎదురుగా వేలాడదీసింది. ఏడు బద్దలూ బుట్టలో పడేసి, బుట్టని ఎప్పటిలాగే మంచం పక్కన పెట్టేసింది. స్విచ్ వేసింది.

గదంతా మెత్తబడింది. ఇన్నేళ్లలో ఆ గోడల మరకలు అంత నెమ్మదిగా ఉండటం ఆమె చూడలేదు.

దీపానికి ఒక పక్కన మాత్రం నల్లటి గీత. పైనుంచి కిందికి, వంగిన గీత. బద్ద నీడ.

అయిపోయింది. అత్తయ్య చూస్తే ఉతికి ఆరేస్తుంది.

అత్తయ్య చూస్తే...

ఆ మాట దగ్గర నిలబడిపోయింది ఆమె. చూస్తే.

పెళ్లయ్యాక మొదటిసారి, ఒక తిట్టు కోసం ఆమె ప్రాణం కొట్టుకుంది. తిట్టాలి. ఆ గీత చూసి, కడుపారా తిట్టాలి.

గుమ్మంలో గొడుగు మూసిన చప్పుడు. కొడుకు చెయ్యి పట్టుకుని అత్తయ్య వచ్చింది. వారంలోనే మనిషి సగమైంది. మంచం మీద కూర్చోబెట్టారు. ఆయన కట్టు విప్పసాగాడు. ఒక చుట్టు. ఇంకో చుట్టు. ఆమె రెప్ప వెయ్యకుండా అత్తయ్య ముఖమే చూస్తోంది.

దూది తీశాడు.

కన్ను తెరుచుకుంది. ఎర్రగా, తడిగా.

"అమ్మా... ఏమైనా తెలుస్తోందా?"

అత్తయ్య దీపం వైపు తిరిగింది. అలాగే ఉండిపోయింది.

"హడావిడీ," అంది చివరికి. "ఒక బద్ద లోపలే వదిలేశావు."

ఆయన కూలబడిపోయాడు. ఏడ్చాడు. నవ్వాడు. అమ్మకి కనిపిస్తోంది, అమ్మకి కనిపిస్తోంది అంటూ ఫోను తీసుకుని వరండాలోకి పరిగెత్తాడు.

ఆమె కూడా నవ్వింది. కళ్లు తుడుచుకుంది. తుడుచుకుని, కిందికి చూసింది.

అత్తయ్య కుడి చెయ్యి బుట్టలో ఉంది.

కూర్చోగానే వెళ్లి ఉంటుంది, అలవాటు కొద్దీ. ఎవరు చూశారు... అందరూ ముఖమే చూస్తున్నారు. బద్దలు వరసగా సర్ది ఉన్నాయి. చూపుడు వేలు చివరిదాని మీద ఉంది. ఏడోదాని మీద.

చూసి చెప్పిందా? లెక్కపెట్టి చెప్పిందా?

కన్ను దీపం వైపే ఉంది. గీత మీదో, గీత పక్కనో — వంగి చూసినా తెలియలేదు.

అడిగితే ఒక్క మాటతో తేలిపోతుంది. గీత ఏ పక్కనుంది అత్తయ్యా — అంతే. నాలుక చివరి దాకా వచ్చింది. వరండాలో ఆయన ఎవరికో చెబుతూ నవ్వుతున్నాడు.

"ఇప్పుడు లాగకు," అంది అత్తయ్య. "ఆరనివ్వు."

"సరే అత్తయ్యా."

వాన. మెత్తటి వెలుతురు. అందులో నల్లటి గీత.

ఆమె వేలు కాగితం దాకా వెళ్లింది... చల్లగా తగులుతుందో లేదో...

ఆగింది.