సూరాడ వారి ఒట్టు

మా జాలరి పేటల్లో దోసిట సముద్రపు నీళ్ళు పట్టి వేసిన ఒట్టు తప్పితే, నోట రక్తం పడి చస్తారు. మా మేనమామ అలా పోవడం నా పదేళ్ళప్పుడు చూశాను. లా కాలేజీలో ఏ పుస్తకంలోనూ ఈ సంగతి లేదు.

హుద్‌హుద్ తుఫాను మరుసటి ఏడు, భోగాపురం దగ్గరి ఒడ్డున, వల గొడవలో సూరాడ లక్ష్ముడు తన చెల్లెలి మొగుడు సోములు గొంతు నరికాడు. చూసింది ఆ చెల్లెలు కూర్మమ్మ ఒక్కతే. లక్ష్ముడు సముద్రంలో కత్తి కడిగి, అవే నీళ్ళు దోసిట పట్టాడు.

"ఈ సావు సంగతి సూరాడోళ్ళ నోట బయటికొస్తే, ఆ నోట రగతం పడాల!"

ఇంటికి పెద్దవాడు ఒట్టు వేస్తే అది ఆ ఇంటిపేరు వాళ్ళందరికీ అంటుతుంది.

నేను విజయనగరంలో ప్రభుత్వ ప్లీడరు దగ్గర జూనియర్ని. కూర్మమ్మను కోర్టుకు తీసుకురావడం నా పని.

"ఉషా, నోరిప్పితే సచ్చిపోతానేటే?"

"పెళ్ళయ్యాక నీ ఇంటిపేరు గరికిన కదా. ఒట్టు సూరాడోళ్ళకే."

"అమ్మోరు రేసన్ కార్డు సూస్తాదేటి?"

"నాకూ తెలీదు," అన్నాను. అది నిజం.

"తెగిన గొంతు నా ఒళ్ళోనే ఏలాడింది. పద, ఎల్దాం."

బోనులో ఆమె దేవుని సాక్షిగా నిజమే చెబుతానంది. ఎదుటి బోనులో లక్ష్ముడు నవ్వాడు. "సెప్పవే, నోరిప్పి సూడు!"

"మా అన్నే నరికినాడు బాబూ."

నేను ఆమె పెదవులే చూస్తున్నాను. రక్తం రాలేదు. లక్ష్ముడి నవ్వు ఆగిపోయింది.

"సెయ్యి వణికింది మా అన్నకి. ఎదురెల్లే దమ్ము లేక ఎనకనుంచి ఏసినాడు. మూడేట్లు."

ఉలిక్కిపడ్డాను. గాయం ఒక్కటే, గొంతు ముందు. ఆమె నోరిప్పకుండా పోలీసులకు చేత్తో చూపిందీ అదే.

"ఎనకనుంచేటే!" లక్ష్ముడు బోను కమ్మీ పట్టుకుని ఊగిపోయాడు. "మొకం మీదికెల్లి ఒక్క ఏటుకే నరికినాను! ఒక్క..."

మిగతా మాట రక్తంలో కలిసిపోయింది. గుక్కలు గుక్కలుగా కక్కాడు. పట్టుకున్న కానిస్టేబుల్ చొక్కా తడిసిపోయింది. అంబులెన్సు వచ్చేసరికి ఒళ్ళు చల్లబడింది. ఏం రాయాలో తెలియక గుమస్తా జడ్జిగారి వైపు చూశాడు.

కూర్మమ్మ కొంగుతో అన్న మూతి తుడిచి, నా దగ్గరికి వచ్చింది.

"దేవుడి మీద పెమాణం సేసి అబద్దమాడినాను ఉషా. మీ కోర్టు ఒట్టుకి నాకేటీ అవలేదు, సూసినావా?"